నొప్పి ఒకచోట, పటకారు ఒకచోట

పదునారవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యానికి కొత్త దారి వేసిన అంబ్రువాజ్ పారే తన గ్రంథంలో ఒక చిన్న ఉదంతం చెప్పాడు. ఓర్లియాన్ పట్టణంలో పళ్ళు పెరకడంలో పేరు మోసిన ఒక మంగలి ఉండేవాడు. ఆ రోజులలో క్షౌరము, శస్త్రచికిత్స ఒకే దుకాణంలో జరిగేవి. ఒకనాడు పల్లెటూరి రైతు ఒకడు పంటినొప్పితో అక్కడికి వచ్చాడు. గురువుకు బదులుగా శిష్యుడు పటకారు పట్టాడు. పట్టి, ఒక్క పెరుకులో మూడు మంచి పళ్ళను ఊడదీశాడు. పుచ్చిన పన్ను మాత్రం ఉన్నచోటనే ఉన్నది. రైతు లబోదిబోమన్నాడు. శిష్యుడు ఏ మాత్రమూ తొణకక, గట్టిగా అరవవద్దని, గురువుకు వినబడితే మూడు పళ్ళకూ కూలి అడుగుతాడని వానిని హెచ్చరించి పంపివేశాడట.

ఈ కథకు నాలుగున్నర శతాబ్దాల వయస్సు. వింటే నవ్వు వస్తుంది. నవ్వే మనిషి నోటిలో పళ్ళన్నీ సరిగా ఉన్నంత వరకు వస్తుంది. కాని ఒక పన్నుకు బదులు మరొక పన్నును పెరకడం ఆ శిష్యునితో పోలేదు. విశ్వవిద్యాలయంలో సంవత్సరాల తరబడి చదివి, ఎక్స్‌రే యంత్రమూ, విద్యుద్దీపమూ, సహాయకురాలూ ఉన్న వైద్యుని చేతిమీదుగా కూడ అది నేటికీ జరుగుతూనే ఉన్నది. తరచుగా జరుగుతుందని కాదు. జరిగినప్పుడు మాత్రం దానిని తిరిగి సరిదిద్దడం మహాకష్టం. మనిషికి పాలపళ్ళు ఇరువది, వాటి తరువాత స్థిరదంతాలు ముప్పదిరెండు. మూడవ వరుస లేదు. రేడియోలో తప్పుగా చదివిన మాటకు తరువాతి వార్తలలో సవరణ చెప్పవచ్చు. పెరికిన పన్నుకు అటువంటి సదుపాయం లేదు.

ఈ విషయమై దంతవైద్యులు తమలో తాము చెప్పుకొనే అనుభవాలను మేము కొంతకాలంగా శ్రద్ధతో వింటూ వచ్చాము. ఊరు, పేరు చెప్పవద్దని వారు కోరారు. చెప్పనవసరం కూడ లేదు. వినగా వినగా మాకు తోచినది ఒకటి ఉన్నది. ఈ పొరపాటు ఎక్కువసార్లు చేతి నైపుణ్యం లేకపోవడం వలన రాదు. పటకారు చక్కగానే పట్టుకొంటుంది, పన్ను చక్కగానే ఊడివస్తుంది. తప్పు అంతకు ముందే, నోటికీ మాటకూ మధ్య, మాటకూ కాగితానికీ మధ్య, కాగితానికీ మరల నోటికీ మధ్య ఎక్కడో జరిగిపోయి ఉంటుంది.

మొట్టమొదట మోసం చేసేది నొప్పియే. తన నొప్పి ఎక్కడ ఉన్నదో తనకు తెలియదా అని ఎవరైనా అంటారు. చేతి వేలికి ముల్లు గుచ్చుకొంటే కండ్లు మూసుకొని కూడ ఆ చోటు చూపగలము. పన్ను సంగతి అట్లా కాదు. పన్ను నడుమ మెత్తని గుజ్జు ఉన్నది. అందులోని నాడీతంతువులకు బాధను తెలిపే శక్తి ఉన్నదే గాని, ఆ బాధ ఏ పన్నులోదో చెప్పే శక్తి దాదాపు లేదు. చోటు చెప్పగలిగేవి వేరే ఉన్నవి. పంటి వేరును దవడ ఎముకకు పట్టి ఉంచే సన్నని పొర ఒకటి ఉన్నది. అందులోని నాడులు ఒత్తిడిని పసిగట్టి, ఇదిగో ఈ పన్ను అని నిర్ణయంగా చెప్పగలవు. పుచ్చు గుజ్జువరకు వచ్చి ఆగినంత కాలం రోగికి బాధ తెలుస్తుంది, చిరునామా తెలియదు. వాపు వేరు చివర దాటి ఆ పొరకు సోకిన తరువాత, పన్ను మీద పన్ను ఆనించినా ప్రాణం విలవిలలాడుతుంది. అప్పుడు చిరునామా తెలుస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. ముఖంలోని పై పళ్ళ నాడులు, కింది పళ్ళ నాడులు మెదడు నుండి వచ్చే అయిదవ కపాలనాడికి కొమ్మలే. రెండు వీధుల ఉత్తరాలు ఒకే తపాలా కార్యాలయానికి చేరినట్లు రెండు దవడల కబుర్లూ ఒకేచోట చేరుతవి. అందుచేత కింది దవడపన్ను పుచ్చితే, నొప్పి పై దవడలో ఉన్నదని రోగి ప్రమాణం చేసి చెప్పవచ్చు. కుడివైపు బాధ ఎడమవైపునకు దాటిపోవడం అరుదు. పైది కిందికీ, కిందిది పైకీ మారడం మాత్రం సాధారణం.

ఒక వైద్యుడు చెప్పిన సంగతి ఇది. మూడు రాత్రులుగా నిద్ర లేని మనిషి ఒకాయన వచ్చి, పై వరుసలో చివరినుండి రెండవ పన్ను వేలితో పట్టి చూపి, దీనిని తీసివేస్తే గాని కుర్చీ దిగనన్నాడు. ఆ పన్నులో చిన్న పుచ్చు లేకపోలేదు. వైద్యుడు ఇంకా పరీక్షించవలెనని అంటే, నొప్పి నాదా మీదా అని ఆయన కోపగించుకొన్నాడు. వైద్యుడు లోబడ్డాడు. పన్ను తీసిన సాయంత్రం, మందు మత్తు దిగిన వెంటనే, అదే నొప్పి అదే చోట తిరిగి వచ్చింది. అసలు దోషి కింది దవడలో ఉన్నది. ఇక్కడ చేయి తప్పలేదు, ఎంచిన పన్నే వచ్చింది, ఎంపిక తప్పినది. రోగి స్వయంగా చూపినాడు గదా అనే సమాధానం తనకు ఈనాటికీ తృప్తి నీయలేదని ఆ వైద్యుడే అన్నాడు. మా అభిప్రాయమూ అదే. నొప్పి రోగిది, నిర్ణయం చదువుకొన్నవానిది. పంటిని చిన్న పరికరం పిడితో తట్టి చూడడం, చల్లదనం తగిలించి చూడడం, ఎక్స్‌రే తీయడం, అవసరమైతే ఒక్క దవడకు మాత్రమే మత్తుసూది వేసి నొప్పి ఆగినదో లేదో కనిపెట్టడం, ఇవన్నీ ఈ మారువేషాన్ని విప్పడానికి ఏర్పడిన పరీక్షలే.

పంటికి ఏ మాత్రం సంబంధం లేని నొప్పి పంటినొప్పి వేషం వేసుకొని వచ్చే సందర్భాలు కూడ ఉన్నవి. చెంపయెముకలో ఉండే గాలిగది అడుగుభాగం పై దవడపళ్ళ వేళ్ళకు చాల దగ్గర. జలుబు చేసి ఆ గది వాచితే మూడు నాలుగు పై పళ్ళు ఒకేసారి సలుపుతవి. గుండెకు రక్తం చాలనప్పుడు కలిగే నొప్పి కొందరికి కింది దవడలో తెలుస్తుంది. నడిచినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే దవడనొప్పి ఉన్నవారు పంటివైద్యుని గడపకంటె ముందు గుండెవైద్యుని గడప తొక్కవలెను. అన్నింటికంటె దారుణమైనది ఆ అయిదవ నాడికే వచ్చే జబ్బు. ముఖం కడుగుకొన్నా, గాలి తగిలినా, ముద్ద నమిలినా మెరుపు మెరిసినట్లు క్షణకాలం భరింపరాని పోటు వస్తుంది. దానిని పంటినొప్పి అనుకొని ఒక పన్ను, ఆ తరువాత దాని పక్క పన్ను, ఆ తరువాత మరొకటి తీయించుకొన్నవారు అనేకులున్నారు. పళ్ళు పోతవి, పోటు పోదు. ఆ జబ్బుకు 1960ల నుండి కార్బమజెపిన్ అనే మందు వాడుకలో ఉన్నది. పటకారుతో దానికి పని లేదు.

ఇక రెండవ తరహా పొరపాటు. ఇందులో ఎంపిక సరిగానే జరుగుతుంది. ఏ పన్ను తీయవలెనో వైద్యునికి తెలుసు, కాగితం మీద వ్రాసి ఉన్నది; కాని చేయి మరొక పన్ను మీదికి పోతుంది. దీనికి మొదటి కారణం కుడి ఎడమల తికమక. వైద్యుడు రోగికి ఎదురుగా నిలుచుంటాడు. రోగి కుడిచెంప వైద్యుని ఎడమచేతి వైపు ఉంటుంది. పళ్ళ పటం కూడ ఎదుటినుండి చూచినట్లే గీస్తారు. కాబట్టి కాగితానికి ఎడమ భాగంలో ఉన్న పళ్ళు రోగికి కుడివైపువి. నోటిలో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే ఫిల్ము మీద ఒక మూల చిన్న బొడిపె ఉంటుంది. ఆ బొడిపె ఉబ్బెత్తు చూచేవారి వైపునకు ఉండేటట్లు పట్టుకొంటే రోగిని ఎదుటినుండి చూచినట్లు లెక్క. ఫిల్మును తిరగవేసి పట్టుకొంటే బొమ్మ అంతే స్పష్టంగా, అంతే అందంగా కనబడుతుంది. కుడి మాత్రం ఎడమ అయి కూర్చుంటుంది. ఆ వేలిగోరంత బొడిపె మీద ఒక మనిషి పన్ను ఆధారపడి ఉన్నదంటే నమ్మశక్యం కాదు.

కుడి ఎడమలు నిర్ణయించిన తరువాత ఏ పన్ను అన్న ప్రశ్న వస్తుంది. మన భాషలో కొరుకుడు పళ్ళు, కోరపళ్ళు, దవడపళ్ళు, జ్ఞానదంతాలు అని పేర్లున్నవి. ఇంటిలో మాట్లాడుకోవడానికి అవి చాలును. వైద్యానికి చాలవు, ఎందుకంటే దవడపన్ను అంటే ఇరువదింటిలో ఏదైనా కావచ్చు. అందువలన పళ్ళకు అంకెలు పెట్టారు. చిత్రమేమంటే పొరపాటు రాకూడదని పెట్టిన ఆ అంకెలే పొరపాటుకు మరొక ద్వారం తెరచినవి.

వియన్నా నగరంలోని దంతవైద్యుడు అడోల్ఫ్ జిగ్మోండీ 1861లో ఒక పద్ధతి ప్రకటించాడు. నోటిని నిలువుగీత, అడ్డగీతలతో నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో నడిమి పన్నునుండి వెనుకకు ఒకటి మొదలు ఎనిమిది వరకు అంకెలు వేయడం ఆ పద్ధతి. చూడడానికి చక్కగా ఉంటుంది. కాని 6 అనే అంకె నోటిలో నాలుగుచోట్ల ఉన్నది. దాని పక్కన గీచిన గీతలే అది ఏ మూలదో చెప్పవలెను. ఆ గీత చెరగినా, తారుమారైనా, టెలిఫోనులో చెప్పేటప్పుడు మాట జారినా నాలుగు పళ్ళలో ఏది అన్నది దైవాధీనం. ఈ ఇబ్బంది తీర్చడానికి అమెరికా దంతవైద్య సంఘం 1968లో ముప్పదిరెండు పళ్ళకూ ఒకే వరుసలో 1 నుండి 32 వరకు సంఖ్యలు పెట్టే విధానాన్ని ఆమోదించింది. పై కుడి చివర జ్ఞానదంతం 1; అక్కడినుండి పై వరుస ఎడమ చివరకు 16; కింది ఎడమ చివర 17; తిరిగి కింది కుడి చివరకు 32. రెండు సంవత్సరాలు గడవకముందే, 1970లో, అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య మరొక విధానాన్ని స్వీకరించింది. బెర్లిన్ నగరపు యోఖెన్ ఫియోల్ ప్రతిపాదించిన ఈ విధానంలో రెండు అంకెలుంటవి. మొదటిది నోటిలోని భాగం, రెండవది ఆ భాగంలో పన్ను. భారతదేశంతో సహా ప్రపంచంలో అధికభాగం దీనిని అనుసరిస్తున్నది. జిగ్మోండీ గీతలు కూడ మనవద్ద పూర్తిగా పోలేదు.

ఇప్పుడు ఒక చీటీ మీద 18 అని వ్రాసి ఉన్నదనుకొనండి. అంతర్జాతీయ విధానం ప్రకారం అది పై దవడలో కుడివైపు జ్ఞానదంతం. అమెరికా విధానం ప్రకారం అదే 18 కింది దవడలో ఎడమవైపు రెండవ పెద్ద దవడపన్ను. నోటిలో సరిగా ఎదురుమూల! మొదటిది చాలమందికి లేకపోయినా నష్టం లేనిది; రెండవది అన్నం నమలడానికి ఆధారమైనది. ఇది దూరదేశపు సమస్య అని తీసివేయడానికి వీలులేదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో పళ్ళు చూపించుకొని పోవడం పరిపాటి అయినది. అక్కడి వైద్యుడు వ్రాసిన చీటీ ఇక్కడి వైద్యుని చేతికి వస్తుంది. అందుకే జాగ్రత్త గల వైద్యులు అంకె ఒక్కటే వ్రాయరు. అంకెతోపాటు పై కుడి జ్ఞానదంతం అని మాటలలో కూడ వ్రాస్తారు. పదునెనిమిది అని పలకక, ఒకటి ఎనిమిది అని విడదీసి పలుకుతారు.

ఒకరు వ్రాసి మరొకరు పెరికే సందర్భంలో అన్నింటికంటె ప్రమాదకరమైనది, ఆరోగ్యంగా ఉన్న పన్నును తీయవలసి రావడం. ఎత్తుపళ్ళను సరిచేసే వైద్యులు వరుసలో చోటు చేయడం కోసం కోరపన్ను వెనుక ఉండే రెండు చిన్న దవడపళ్ళలో ఒకదానిని తీయించుతారు. పిల్లవాడు చీటీ పట్టుకొని మరొక వైద్యునివద్దకు పోతాడు. పుచ్చిన పన్ను అయితే పటకారు పట్టే చేతికి కంటికి కనబడే సాక్ష్యం ఒకటి ఉంటుంది. ఇక్కడ రెండూ నిగనిగలాడుతున్నవి, రెండూ కవలపిల్లలవలె ఉన్నవి. మొదటిదా రెండవదా అన్నది ఆ చీటీలోని ఒక్క అంకె చెప్పవలసిందే. దంతవైద్యుల అనుభవాలలో ఈ జత పేరు మరల మరల వినబడడంలో ఆశ్చర్యం లేదు.

పక్క పన్ను లేకపోవడం మరొక కారణం. ఎన్నడో చిన్నతనంలో మొదటి పెద్ద దవడపన్ను పోగొట్టుకొన్న మనిషి నోటిలో, వెనుక ఉన్న రెండవది ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమించుకొంటుంది. మూడవది రెండవదాని చోటికి వస్తుంది. సంతలో ఒకరు లేచిపోతే పక్కవారు జరిగి కూర్చున్నట్లే. అటువంటి నోటిలో వెనుకనుండి లెక్కపెట్టినవారికి ఒక సంఖ్య, ముందునుండి లెక్కపెట్టినవారికి మరొక సంఖ్య వస్తుంది.

పిల్లల నోటి సంగతి తల్లులు తెలుసుకోవలసి ఉన్నది. సుమారు ఆరేండ్ల వయస్సులో పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త దవడపన్ను వస్తుంది. ఊడి వచ్చినది కాదు కాబట్టి అదీ పాలపన్నే అనుకొంటారు. పుచ్చితే, ఎట్లాగూ మరొకటి వస్తుంది గదా, తీసివేయండని అడుగుతారు. అది మరల రాదు. అది డెబ్బది ఏండ్లు సేవ చేయడానికి వచ్చిన స్థిరదంతం. పాలపళ్ళూ స్థిరదంతాలూ కలసి ఉండే ఆరు మొదలు పన్నెండేండ్ల వరకు పిల్లల నోటిలో లెక్క పెద్ద వైద్యులను కూడ ఒక నిమిషం ఆపుతుంది, ఆపడమే మంచిది.

ఇన్ని తప్పుదారులున్నా ఒకప్పుడు చివరి క్షణంలో హెచ్చరించే కావలివాడు ఒకడు ఉండేవాడు. వాడు రోగి. పటకారు మంచి పన్ను మీద పడితే కేక పెట్టేవాడు. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు 1844 డిసెంబరు 11వ తేదీన నవ్వుపుట్టించే వాయువు పీల్చి, తన పన్నునే తోటివైద్యునిచేత తీయించుకొన్నాడు. బాధ లేని శస్త్రచికిత్సకు అది నాంది. దాని తరువాత సూదిమందులు వచ్చినవి. మానవజాతికి కలిగిన మేలు ఇంత అని చెప్పలేము. కాని కింది దవడ వెనుక ఒక్క సూది వేస్తే ఆ వైపు వరుస అంతా, పెదవితో సహా, మొద్దుబారిపోతుంది. ఏ పన్ను కదులుతున్నదో రోగికి తెలియదు. తెలిసినా నోటినిండ దూదీ, పరికరాలూ ఉండగా చెప్పలేడు. పూర్తిగా నిద్రపుచ్చిన పిల్లవాని విషయం చెప్పనక్కరలేదు. కావలివాడు నిద్రపోయినాడు కాబట్టి ఆ పని మరొకరు చేయవలసి ఉన్నది.

పొరపాటు జరిగిన క్షణాన్ని గురించి వైద్యులు చెప్పే మాటలు విచిత్రంగా ఒకే తీరున ఉంటవి. పన్ను పటకారులో ఉన్నది. దీపం కింద తిప్పి చూస్తారు. పుచ్చు లేదు. వేరు శుభ్రంగా ఉన్నది. గదిలో ఇంకెవరూ గ్రహించలేదు. రోగి కండ్లు మూసుకొని ఉన్నాడు. ఒకరు మాతో అన్నారు: "అప్పుడు నా చెవులలో నా గుండె చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు, అయినా చేతులు మాత్రం తమ పని తాము చేసినవి" అని.

చేతులు చేయవలసిన పని ఒకటున్నది. పన్నును వెంటనే దాని గుంటలో తిరిగి పెట్టడం. ఇది కొత్త విద్య కాదు. దంతవైద్యానికి శాస్త్రరూపం ఇచ్చిన ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ తన 1728 నాటి గ్రంథంలోనే ఊడిన పళ్ళను తిరిగి నాటిన సంగతులు వ్రాశాడు. వేరును అంటుకొని ఉండే పొరలోని కణాలు బ్రతికి ఉన్నంత సేపూ పన్ను మరల ఎముకతో చెలిమి చేస్తుంది. ఆ కణాలు గాలికి ఆరితే ఒక గంటలోపునే చచ్చిపోతవి. వైద్యుని చేతిలోని పన్నుకు ఈ విషయంలో అదృష్టం ఉన్నది. అది దుమ్ములో పడలేదు, ఎండలేదు, గుంట ఎదురుగానే ఉన్నది. వేరును తాకక పై భాగం పట్టుకొని లోపలికి నొక్కి, పక్క పళ్ళకు సన్నని తీగతో రెండు వారాల పాటు కట్టి ఉంచుతారు. లోపలి గుజ్జుకు రక్తం తెచ్చే దారి తెగిపోయినది కాబట్టి, పెద్దవారి పన్నుకు తరువాత వేరుకాలువ చికిత్స చేయక తప్పదు. పిల్లల పన్ను, వేరు చివర ఇంకా మూసుకొననిది అయితే, గుజ్జుకు ప్రాణం తిరిగి వచ్చే ఆశ కొంత ఉన్నది. ఇంత చేసినా కొన్ని ఏండ్ల తరువాత శరీరమే ఆ వేరును కొద్దికొద్దిగా కరగించివేయవచ్చు. అందుచేత ఇది పొరపాటును తుడిచివేసే చికిత్స కాదు. కాలం సంపాదించి పెట్టే చికిత్స. ఎత్తుపళ్ళ విషయంలో అయితే ఒక్కొక్కప్పుడు పథకాన్నే మార్చి, పోయిన పన్ను చోటునే వాడుకొని వరుస సరిచేస్తారు. ఏదీ కుదరకపోతే, స్వీడనులో బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి మనిషి దవడలో బిగించిన టైటానియం మర వంటిది ఉండనే ఉన్నది. అది ఖర్చుతో కూడినది, ఆరోగ్యమైన సొంత పన్నుకు సాటి కాదు.

చేతుల పని తరువాత నోటి పని. రోగికి చెప్పడం. ఓర్లియాన్ శిష్యుడు తప్పించుకొన్నది ఇక్కడనే. పక్క పన్ను కూడ చెడిపోయి ఉన్నది, అందుకే తీశాము అని ఒక్క మాట అంటే చాలు, చాలమంది నమ్ముతారు. ఆ మాట అనడానికి నాలుక చివరిదాకా వచ్చినదని ఒప్పుకొన్న వైద్యుడొకడు తరువాత జరిగినది ఇట్లా చెప్పాడు. ఆయన కుర్చీని నిటారుగా లేపి, రోగి నోటిలోని దూది తీసివేసి, ఎదుట మరొక కుర్చీలో కూర్చుని, నేను తీయవలసినది కాక దాని పక్క పన్నును తీశాను, వెంటనే తిరిగి పెట్టాను, ఇక జరగవలసినది ఇది అని విడమరచి చెప్పాడు. ఆమె, ఒక ఉపాధ్యాయిని, చాలసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న, మరి నొప్పి ఉన్న పన్ను ఇంకా ఉన్నదా అని. ఉన్నదని చెప్పవలసి వచ్చింది. ఆమె ఆనాడు దానిని తీయించుకొనలేదు. వారం తరువాత వచ్చి ఆయనచేతనే తీయించుకొన్నది. చికిత్సకైన ఖర్చు ఆయనే భరించాడు. అందరు రోగులూ ఇట్లా ఉండరు, ఉండవలెనని కోరడం న్యాయం కూడ కాదు. ఫీజు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని భారత సర్వోన్నత న్యాయస్థానం 1995లో తీర్పు చెప్పింది. నష్టపోయినవారికి ఆ దారి తెరచి ఉన్నది. పొరపాటు చేసిన వైద్యుడు కూడ లోలోపల గాయపడతాడని, అతడు ఆ ప్రమాదంలో రెండవ బాధితుడని ఆల్బర్ట్ వూ అనే అమెరికా వైద్యుడు 2000 సంవత్సరంలో వ్రాశాడు. ఆ మాట నిజమే. అయితే మొదటి బాధితుడు ఎవరో మరువరాదు.

నివారణకు ఏమి చేస్తున్నారు? అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలను పరిశీలించే జాయింట్ కమిషన్ 2004లో ఒక నియమావళి అమలులోకి తెచ్చింది. కత్తి పెట్టేముందు మనిషి ఎవరో, చికిత్స ఏదో సరిచూడవలెను. చోటును సిరాతో గుర్తించవలెను. చివరికి అందరూ ఒక్క నిమిషం చేతులు ఆపి పైకి చదువుకోవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇటువంటి పట్టికనే అన్ని దేశాలకూ అందించింది. కాలికైతే సిరా గుర్తు పెట్టవచ్చు, పంటికి పెడితే నిలువదు. అందుచేత పంటి గుర్తు ఎక్స్‌రే మీదనో పటం మీదనో పెట్టమన్నారు. తైవానులోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1996 నుండి 1998 వరకు ఇటువంటి పొరపాట్లను లెక్కించారు. ఏ సంవత్సరంలోనూ పదివేల పెరుకుళ్ళకు అయిదింటికి మించలేదు. ఆ కొద్దిపాటి ఉదంతాలనే పాఠాలుగా చేసి వైద్యులకు బోధించారు. తరువాతి మూడు సంవత్సరాలలో, 1999 నుండి 2001 వరకు, ఒక్కటీ జరగలేదు. దాచిపెట్టి ఉంటే ఆ పాఠాలు ఎక్కడినుండి వచ్చేవి?

ఇంగ్లండు అనుభవం మాత్రం వేరుగా ఉన్నది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, ఎన్నడూ జరుగకూడని సంఘటనలు అనే జాబితాలో తప్పు పన్ను పెరకడాన్ని కూడ చేర్చింది. 2021లో దానిని ఆ జాబితానుండి తొలగించింది. అది చిన్న తప్పు అని కాదు. దానిని ఖాయంగా ఆపగల కట్టుదిట్టాలు ఇంకా చాలినంత బలంగా లేవని ఒప్పుకోవడం వలన. ఈ ఒప్పుకోలు మాకు చాల గౌరవనీయంగా తోచింది. నియమాలు కాగితం మీద ఉన్నవి. రోజుకు ముప్పదిమంది రోగులు వచ్చే గదిలో, సహాయకురాలు సెలవులో ఉన్ననాడు, ఆ ఒక్క నిమిషం ఆగడం అనేది మనిషి చేయవలసిన పని.

ఆ నిమిషంలో రోగికి కూడ పాత్ర ఉన్నది. సూది వేయకముందు అద్దం అడిగి తీసుకొని, తీయబోయే పన్ను ఏదో వైద్యుని వేలితో చూపించుమని కోరవచ్చు. ఇది అవిశ్వాసం కాదు. మంచి వైద్యులు దీనిని అడగకముందే చేస్తారు. కుడివైపు, ఎడమవైపు అనే మాటలు రోగి కుడి ఎడమలనే తెలుపునని ఇద్దరూ అనుకోవలెను. మరొక వైద్యుడు ఇచ్చిన చీటీలో అంకె మాత్రమే ఉంటే, ఆ పన్ను పేరు మాటలలో వ్రాసి ఇమ్మని అడగవలెను. పాత ఎక్స్‌రేలు పారవేయకుండ వెంట తీసుకుపోవలెను. పూర్వం ఎప్పుడైనా పళ్ళు తీయించుకొని ఉంటే అది ఎన్నవ ఏట, ఏ వైపున అన్నది చెప్పవలెను. పిల్లలను తీసుకుపోయేవారు ఆ చీటీని తామే ఒకసారి చదివి, తీయవలసినవి ఎన్ని పళ్ళో లెక్క చూచుకొని, పిల్లవానికి మత్తు ఇవ్వకముందు ఆ లెక్కను వైద్యుని లెక్కతో సరిపోల్చుకోవలెను. నొప్పి మరీ తీవ్రంగా ఉండి, ఏ పన్నో తేలకపోతే, ఈ రాత్రికి మందుతో ఓర్చుకొని రేపు రమ్మని వైద్యుడు అన్నప్పుడు ఆయన మీద అలుగరాదు.